నిషేధానికీ ఖర్చవుతుంది: బెట్టింగ్, ఫాంటసీ ఆటల నియంత్రణకు సర్కారు పద్దు

(హైదరాబాద్‌లో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఉప్పల్ స్టేడియంలో రాత్రి ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజున ఏడు గంటలకు టాస్ పడుతుంది. ఆ వేళకే ఊళ్లో ఎక్కడో ఒక అద్దె ఫ్లాట్‌లో లోపలి గడియ పడుతుంది. ఆ గదిలో ఏముంటుందో మీకు తెలుసు. దాడి జరిగిన మర్నాడల్లా పేపర్లో ఫొటో వస్తూనే ఉంటుంది. టేబుల్ మీద ల్యాప్‌టాప్, గోడకు టీవీ, వరసగా పేర్చిన కీప్యాడ్ ఫోన్లు, పక్కన లైన్ బాక్స్. పైనున్న బుకీ చెప్పే రేటు ఒక్క ఫోన్లోకి వస్తుంది, ఆ బాక్స్ దాన్ని ఒకేసారి పదీ ఇరవై మంది పంటర్ల, అంటే పందెం కాసేవాళ్ల, చెవుల్లో వేస్తుంది. '45-47' అని వినపడిందంటే లెక్క ఇదీ: గెలుస్తుందనుకునే జట్టు మీద 'లగాయి' చేసినవాడు వంద పెడితే, జట్టు గెలిచినప్పుడు 45 వస్తుంది. ఆ జట్టు ఓడుతుందని 'ఖాయి' చేసినవాడు 47 పెట్టి వంద కొడతాడు. మధ్యలో మిగిలే ఆ రెండు రూపాయలే బుకీ బతుకు. మొదటి ఆరు ఓవర్లలో ఎన్ని పరుగులొస్తాయి అన్నదాని మీద కట్టేది 'ఫాన్సీ'. స్టేడియంలో కూర్చున్న మనిషి బంతి బంతికీ ఫోన్లో చెబుతుంటాడు. మన ఇంట్లో టీవీలో ఆ బంతి పడేలోపే ఇక్కడ రేటు మారిపోయి ఉంటుంది.

ఈ గదిని పట్టుకుని, కేసు కట్టి, కోర్టులో శిక్ష పడేదాకా నిలబెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఆ ఖర్చు ఏ పద్దులోంచి వస్తుంది? ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు ప్రశ్నల గురించే.

చట్టాలకు మన దగ్గర లోటు లేదు. నిజాం కాలంలోనే, అప్పటి సంవత్సర లెక్కలో 1305 ఫస్లీలో, హైదరాబాద్ జూద చట్టం వచ్చింది. దేశమంతా ఇప్పటికీ ఉదహరించే రమ్మీ తీర్పు పుట్టింది కూడా ఆ చట్టం కిందే, మన సికింద్రాబాద్‌లోనే. క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సత్యనారాయణ కేసుగా లా విద్యార్థులు చదువుకునేది అదే. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవాలి, కనుక అందులో నైపుణ్యం ఉంది అని కోర్టు చెప్పిన మాట అందరికీ తెలుసు. అదే తీర్పులో క్లబ్బు వసూలు చేసే రుసుము మీద కూడా చర్చ ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. క్లబ్బు ఇచ్చే సదుపాయానికి మామూలు రుసుము తీసుకుంటే తప్పు లేదు, ఆట నడిపేవాడు ఆటలోంచి లాభం లాగుతున్నాడని సాక్ష్యం ఉంటే మాత్రం నేరం అవుతుంది అన్నది దాని సారాంశం. ఆట ఏదన్నది ఒక ప్రశ్న, ఆటలోంచి ఆట నడిపేవాడికి ఎంత పోతోందన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండో ప్రశ్నను ఆ తర్వాత యాభై ఏళ్లపాటు మనం పక్కన పెట్టేశాం. నైపుణ్యమా అదృష్టమా అన్న వాదనలోనే కాలం గడిచిపోయింది.

ఆ తర్వాత 1974 గేమింగ్ చట్టం వచ్చింది. 2017లో తెలంగాణ దాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలను అందులోకి తెచ్చింది, నైపుణ్య ఆటలకున్న మినహాయింపును ఎత్తేసింది. నిజం క్రీడాకారులతో ఊహా జట్టు కట్టి, మైదానంలో వాళ్ల ఆటను బట్టి గెలిచే ఫాంటసీ ఆటల్లో, డబ్బు కట్టి ఆడే యాప్‌లు మన రాష్ట్రంలో ఆగిపోయింది అందుకే. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం చేసింది. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. డబ్బు పెట్టి ఆడే ఆట ఏదైనా సరే, నైపుణ్యమున్నా లేకున్నా, ఆన్‌లైన్‌లో నడపకూడదు. నడిపినవాడికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటన చేసినవాడికి రెండేళ్లు, 50 లక్షల వరకు. డబ్బు లావాదేవీ జరిపిన బ్యాంకైనా పేమెంట్ సంస్థయినా నడిపినవాడితో సమానం.

కాగితం మీద ఇంతకన్నా గట్టి చట్టం రాయడం కష్టం. నా బెంగ కాగితం దాటాక ఏమిటన్నదే.

లైసెన్సు ఇచ్చి నడిపే దేశంలో నియంత్రణ సంస్థ జీతాలు లైసెన్సుదారుడు కడతాడు. దరఖాస్తు రుసుము, ఏడాది రుసుము, తనిఖీ ఖర్చు, అన్నీ వాడి ఖాతాలోంచే. నిషేధం పెట్టిన చోట బిల్లు పంపడానికి ఎదురుగా ఎవడూ ఉండడు. యాప్ నడిపేవాడు ఏ కరీబియన్ దీవి చిరునామాతోనో ఉంటాడు. కనుక ప్రతి రూపాయీ ఖజానాలోంచే రావాలి. పన్ను ఎటూ రాదు, పైగా పట్టుకునే ఖర్చు మీద పడుతుంది. అంటే నిషేధమే ఖరీదైన దారి. నిషేధం వద్దని నేననడం లేదు. పిల్లలు అప్పులపాలై ప్రాణాలు తీసుకుంటున్న రాష్ట్రంలో ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. నిషేధం పెట్టిన ప్రభుత్వం దాని ఖర్చు కూడా పెట్టుకోవాలి, అంతే నా వాదన.

ఆ ఖర్చు ఎక్కడెక్కడ పడుతుందో దశలవారీగా చూద్దాం.

ముందు దాడి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, జప్తు మొత్తం వీడియో తీయాలి. ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉంటే వెంటనే వైరు పీకేయకూడదు. తెరిచి ఉన్న బెట్టింగ్ ప్యానెల్, అందులో కింది ఏజెంట్ల పేర్లు, ఎవరి ఖాతాలో ఎంత ఉందన్న పట్టిక, అన్నీ సర్వర్‌లో ఉంటాయి. పాస్‌వర్డ్ లేకపోతే మళ్లీ తెరుచుకోవు. అలాగని నెట్‌కు కలిపే వదిలేస్తే అవతలివాడు రెండు నిమిషాల్లో ఆ లాగిన్ మూసేస్తాడు. తెర మీదున్నది మొత్తం ముందు రికార్డు చేయాలి, ర్యామ్‌లో, అంటే యంత్రం ఆపితే చెరిగిపోయే తాత్కాలిక మెమరీలో, ఉన్నది తీసుకోవాలి, ఆ తర్వాతే ఆపాలి. ఫోన్లను సిగ్నల్ అందని సంచిలో వేయాలి. తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే. ఉత్సాహంలో ఎవరో ఒక కానిస్టేబుల్ ఫోన్ తెరిచి వాట్సాప్ చూస్తాడు. ఏమీ చెరపకపోయినా లోపల సమయాలు మారిపోతాయి. రెండేళ్ల తర్వాత డిఫెన్స్ లాయర్ అడిగే మొదటి ప్రశ్న అదే: జప్తు అయింది 9.40కి, ఈ ఫైలు తెరుచుకుంది 10.15కి, తెరిచిందెవరు?

రెండోది సర్టిఫికెట్. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం ఉండాలి. అందులో రెండు భాగాలు. మొదటిది సాక్ష్యం ఇచ్చేవారు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఆ ఫైలు వేలిముద్ర అనుకోండి, ఒక్క అక్షరం మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. ఆ రెండో భాగం నింపే నిపుణుడు ఎక్కడున్నాడు? ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాలకు ఫోరెన్సిక్ బృందం ఘటనా స్థలానికి వచ్చి తీరాలని నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ చెబుతోంది. ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో మొదటి నేరానికి గరిష్ఠం మూడేళ్లే. కనుక ఆ చట్టం ఒక్కదాని కిందే కేసు కడితే ఫోరెన్సిక్ వాళ్లు రావాలన్న నిర్బంధం లేదు. ముఠాగా నడిపినట్టు సాక్ష్యం ఉంటే భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్ కూడా కలపొచ్చు. అక్రమ బెట్టింగ్ పేరు అందులో స్పష్టంగా ఉంది, శిక్ష ఏడాది నుంచి ఏడేళ్లు. ఏ సెక్షన్ రాస్తామన్నదాన్ని బట్టి నిపుణుడు వస్తాడా రాడా అన్నది తేలుతుంది. నిపుణుడు రావాలంటే పోస్టు ఉండాలి, పోస్టుకు బడ్జెట్ ఉండాలి.

ల్యాబ్ సంగతి చెప్పాలి. డిస్క్‌లో ఏదీ మారకుండా కాపీ తీయడానికి రైట్ బ్లాకర్ కావాలి. కాపీలు పెట్టుకోవడానికి డిస్కులు కావాలి, ఒక్కో దాడిలో పదిహేను ఫోన్లంటే టెరాబైట్ల లెక్క. ఫోన్లోంచి డేటా తీసే సాఫ్ట్‌వేర్ ఒకసారి కొంటే అయిపోయేది కాదు, ఏటా లైసెన్స్ పునరుద్ధరించాలి. కొత్త ఫోన్ మోడల్ వస్తే పాత వెర్షన్ పనికిరాదు. మన దగ్గర కొనుగోలుకు డబ్బు దొరికినంత తేలిగ్గా నిర్వహణకు దొరకదు. రిబ్బన్ కట్ చేయడానికి యంత్రం ఉంటుంది, మూడో ఏడాది లైసెన్స్ కట్టడానికి పద్దు ఉండదు. యంత్రం బీరువాలో ఉంటుంది, ఫోన్లు సంచుల్లో మూలుగుతుంటాయి.

మూడోది డబ్బు జాడ. ఇక్కడే అసలు కష్టం. యాప్‌లో డిపాజిట్ నొక్కగానే ఒక యూపీఐ ఐడీ కనిపిస్తుంది. అది ఏ కంపెనీదీ కాదు, ఏదో ఊళ్లో ఒక కుర్రాడి పేరు మీదున్న ఖాతా. నెలకు ఇంతని తీసుకుని పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ మొత్తం ఇచ్చేసి ఉంటాడు. మ్యూల్ ఖాతా అంటున్నది దీన్నే. కొన్ని గంటలు వాడుకుని ఆ ఐడీ మార్చేస్తారు. పడిన డబ్బు నిమిషాల్లో రెండో అంచెకు, అక్కడినుంచి పది ముక్కలై మూడో అంచెకు పోతుంది. చివర ఏటీఎంలో నగదు, లేకపోతే క్రిప్టో. దర్యాప్తు అధికారి ఒక్కో అంచెకూ ఒక్కో బ్యాంకుకు రాయాలి: స్టేట్‌మెంట్, కేవైసీ, లాగిన్ అయిన ఐపీ చిరునామాలు, ఖాతాకు కలిపిన ఫోన్ నంబరు. జవాబు రావడానికి వారం పట్టిందంటే అప్పటికి డబ్బు ఏడో అంచె దాటిపోయి ఉంటుంది. ఆఖరికి దొరికేది మొదటి అంచె కుర్రాడే. ఇంకో ముప్పు కూడా ఉంది. ఆ డబ్బుతో ఎవరో కిరాణా కొట్టులో సరుకు కొంటే కొట్టువాడి ఖాతా కూడా స్తంభించిపోతుంది. అనుమానమున్న మొత్తం వరకే హోల్డ్ పెట్టి, మిగతాది వదలాలి. ఆ తేడా చూసి వదలడానికి కూడా లెక్కలు తెలిసిన మనిషి కావాలి. ఈ పనికి కావలసింది లాఠీ పట్టినవాడు కాదు, ఆడిట్ తెలిసినవాడు. అకౌంటెంట్లను కాంట్రాక్టు మీదైనా తీసుకోవాలని అంటున్నది ఇందుకే.

నాలుగోది సైట్ల మూసివేత. రాష్ట్ర పోలీసులు నేరుగా మూసేయలేరు. నోడల్ అధికారి ద్వారా ఢిల్లీకి పంపాలి, ఐటీ చట్టం 69ఏ కింద అక్కడినుంచి ఉత్తర్వు వెళ్లాలి. 2025 మార్చిలో ఆర్థిక శాఖ చెప్పిన లెక్క ప్రకారం జీఎస్టీ నిఘా విభాగం 357 విదేశీ సైట్లను మూయించింది, అప్పటికి ఇంకా 700 దాకా సంస్థల మీద విచారణ నడుస్తూ ఉంది. ఈ అంకెలు చూసి సంతోషించడానికి లేదు. పేరు చివర ఒక అంకె తగిలించి అదే సైటు మళ్లీ తెరుచుకుంటుంది, కొత్త లింకు టెలిగ్రాం చానల్‌లో పడుతుంది. ప్లేస్టోర్ అక్కర్లేదు, ఫైలు నేరుగా ఫోన్లో దింపుకుంటారు. కనుక సైటు వెంటపడటం కన్నా డబ్బు వెంటపడటం మేలు. చిరునామా మార్చడానికి వాడికి పైసా ఖర్చు కాదు, కొత్త బ్యాంకు ఖాతా సంపాదించడానికి మాత్రం మనిషి కావాలి, రోజులు కావాలి. ఉన్న కాసిని నిధుల్లో పెద్ద వాటా అటే పోవాలి.

2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం బెట్టింగ్ యాప్‌ల మీద ప్రత్యేక దర్యాప్తు బృందం వేసింది. మంచిదే. కాకపోతే సిట్ అన్నది స్వభావరీత్యానే తాత్కాలికం. అధికారులు డిప్యుటేషన్ మీద వస్తారు, బదిలీ మీద పోతారు. ఐపీఎల్ ఏటా వస్తుంది. ఏటా వచ్చే నేరానికి ఏటా నిలబడే విభాగం కావాలి.

ఇక రాబడి వైపు చూద్దాం. చాలామంది అడుగుతారు: ఇన్నేళ్లూ వేల కోట్ల జీఎస్టీ వచ్చింది కదా, అందులోంచి పెట్టలేదా? ముందు ఆ పన్ను ఎలా పడిందో చూడండి. ఫాంటసీ పోటీకి ఒకడు 100 రూపాయలు కట్టాడు, కంపెనీ రుసుము అందులో 15 అనుకుందాం. మొదట్లో కంపెనీలు ఆ 15 మీద 18 శాతం కట్టేవి, అంటే 2 రూపాయల 70 పైసలు. 2023 అక్టోబరు 1 నుంచి కట్టిన మొత్తం మీదే 28 శాతం. ఆ 100లోనే పన్ను కలిసి ఉందనుకుంటే సుమారు 21 రూపాయల 87 పైసలు. 2025 సెప్టెంబరు 22 నుంచి రేటు 40 శాతమైంది, అదే లెక్కన 28 రూపాయల 57 పైసలు. రుసుమే 15 అయినప్పుడు పన్ను 28 ఎక్కడినుంచి తెస్తాడు? కేంద్ర చట్టం ఆ ప్రశ్నే లేకుండా చేసింది, ఆన్‌లైన్‌లో ఆ వ్యాపారమే ఉండకూడదు పొమ్మంది. ఇవాళ ఈ రేటు చట్టబద్ధంగా పడేది గుర్రప్పందేల వంటి వాటి మీదే. మన మలక్‌పేట రేస్ కోర్సు ఆ కోవలోది. గుర్రప్పందెంలో నైపుణ్యముందని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది, రాష్ట్ర చట్టంలోనూ దానికి దారి ఉంది.

అయితే వచ్చిన జీఎస్టీ కూడా బెట్టింగ్ మీద నిఘాకు పోలేదు. రాజ్యాంగం 266వ అధికరణ ప్రకారం పన్ను ఏదైనా సంఘటిత నిధిలో కలుస్తుంది. అందులో పడ్డాక ఏ రూపాయి ఏ పాపపు సొమ్మో గుర్తు ఉండదు. ద్రవ్య వినిమయ బిల్లు ద్వారా సభ ఒప్పుకుంటేనే బయటికొస్తుంది. కోర్టులో పడే జరిమానాలదీ అదే దారి, కోటి రూపాయల జరిమానా వేసినా పట్టుకున్న విభాగానికి దాంట్లో హక్కు లేదు. ఇంకో మలుపు కూడా గమనించాలి. జూదం, పందేలు రాష్ట్ర జాబితా 34వ అంశం. వాటి మీద పన్ను వేసే అధికారం 62వ అంశంలో ఉండేది. 2016లో జీఎస్టీ కోసం చేసిన 101వ సవరణతో 62 నుంచి అది పోయింది. అదుపు చేసే బాధ్యత మిగిలింది, దానికి ప్రత్యేకంగా పన్ను వేసుకునే వీలు పోయింది. చేతిలో కర్ర ఉంచి కాళ్ల కింద పీట లాగేసినట్టు అయింది రాష్ట్రాల పని.

బయటి దేశాలు ఏం చేశాయో చూస్తే మనం అరువు తెచ్చుకోదగ్గవి ఒకటి రెండున్నాయి. బ్రిటన్‌లో గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు రుసుములతో నడుస్తుంది. వ్యసనపరుల చికిత్సకు మాత్రం చాలాకాలం కంపెనీలు స్వచ్ఛందంగా ఇచ్చేవే దిక్కు. 2025 ఏప్రిల్ నుంచి దాన్ని చట్టబద్ధమైన లెవీగా మార్చారు. ఆన్‌లైన్ కంపెనీలు స్థూల రాబడిలో, అంటే పందేల మొత్తంలో గెలిచినవాళ్లకు ఇచ్చింది పోగా మిగిలినదాంట్లో, 1.1 శాతం కట్టి తీరాలి. వచ్చిన దాంట్లో సగం చికిత్సకు, 30 శాతం నివారణకు, 20 శాతం పరిశోధనకు. కాపలాకు వేరే సంచి, వైద్యానికి వేరే సంచి. నాకు నచ్చింది ఈ విడదీతే. ఎందుకంటే కలిపి ఉంచితే కాపలా ఖర్చు ఎప్పుడూ అత్యవసరంగానే కనిపిస్తుంది, వైద్యం వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది.

అమెరికాలో 2018 మే నెలలో అక్కడి సుప్రీంకోర్టు క్రీడా బెట్టింగ్ మీదున్న పాత నిషేధాన్ని కొట్టేశాక ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం దుకాణం తెరిచింది. న్యూయార్క్‌లో మొబైల్ బెట్టింగ్ 2022 జనవరిలో మొదలైంది, కంపెనీ స్థూల రాబడి మీద 51 శాతం పన్ను. ఏటా వందల మిలియన్ల డాలర్లు వస్తున్నాయి, వ్యసన చికిత్సకు చట్టంలో రాసుకున్నది ఏటా 6 మిలియన్లు. పందేలు ఎంత పెరిగినా ఆ అంకె పెరగదు. టెనెసీ 2023 జులై నుంచి రాబడిని వదిలేసి, కాసిన మొత్తం పందేల మీద 1.85 శాతం తీసుకుంటోంది. ఇలినాయి 2025 జులై నుంచి ఒక్కో పందేనికి 25 సెంట్లు, కంపెనీ రెండు కోట్ల పందేలు దాటాక ఆపై వచ్చే ఒక్కోదానికి 50 సెంట్లు పెట్టింది. కంపెనీలు ఆ భారం నేరుగా ఆడేవాడి నెత్తిన వేశాయి. ఈ రాష్ట్రాలన్నిటికీ ఇప్పుడొక జబ్బు పట్టుకుంది. బడులకూ రోడ్లకూ ఆ డబ్బు అలవాటైపోయింది, జనం ఆడటం తగ్గిస్తే బడ్జెట్‌లో కన్నం పడుతుంది. నియంత్రించేవాడి కడుపు జూదగాడి కంచంతో ముడిపడితే నియంత్రణ ఏపాటిదో వేరే చెప్పాలా? మన దగ్గర సారా రాబడి నేర్పిన పాఠం ఇదే కదా.

ఫాంటసీ ఆటల గురించి విడిగా ఒక మాట. బెట్టింగ్‌తో దానికి ఉన్న తేడా ఏమిటంటే అందులో ఆటగాళ్లు ఒకరితో ఒకరు పోటీ పడతారు, కంపెనీ రుసుము తీసుకుంటుంది. కనుక మోసం జరిగే చోటు కూడా వేరు. 2015 సెప్టెంబరులో అమెరికాలో ఒక ఫాంటసీ సంస్థ ఉద్యోగి, ఏ క్రీడాకారుడిని ఎంతమంది ఎంచుకున్నారన్న లోపలి సమాచారాన్ని పొరపాటున ముందే బయటపెట్టాడు. అదే వారం అతను పోటీ సంస్థలో మూడున్నర లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. అక్రమం జరిగిందా లేదా అన్నది తర్వాతి విషయం, ఆ సమాచారం చేతిలో ఉన్నవాడు ఆడటమే తప్పు అని అందరికీ అర్థమైంది. ఆ మీదట ఉద్యోగులు ఆడకుండా నిషేధాలు వచ్చాయి. తనిఖీదారుడు చూడాల్సినవి ఇవీ: జట్టు తాళం పడే సమయం, అంటే ఇక జట్టు మార్చడానికి వీల్లేని క్షణం, మ్యాచ్ మొదలైన సమయంతో సరిపోయిందా, తాళం పడ్డాక ఏ జట్టయినా మారిందా, ఒకే యంత్రం నుంచి వందల జట్లు పడుతున్నాయా, గెలిచినవాళ్లలో కంపెనీ మనుషులున్నారా, ఆటగాళ్ల డబ్బు కంపెనీ ఖర్చుల ఖాతాలో కలిసిపోయిందా. డబ్బు ఆటలు మూతపడ్డాయి కనుక ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. ఉచితమని చెప్పి లోపల నాణేలు అమ్మి, ఆ నాణేలను వెనక దారిలో నగదుగా మార్చే యాప్ వస్తే, అది డబ్బు ఆటో కాదో తేల్చాల్సింది ఈ తనిఖీయే. ఖాతా పుస్తకం చదవగలిగినవాడు లేకపోతే యాప్ చెప్పిందే వేదం.

ఇక పొరుగున తమిళనాడు చేసింది చూడండి. 2022 చట్టంతో ఒక ఆన్‌లైన్ గేమింగ్ అథారిటీని పెట్టింది. 2025లో ఆధార్ ధ్రువీకరణ, అర్ధరాత్రి నుంచి ఉదయం 5 దాకా డబ్బు ఆటల బంద్ వంటి నిబంధనలు తెచ్చింది. ఆ ఏడాది జూన్‌లో మద్రాస్ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ తర్వాత కేంద్ర చట్టం వచ్చి పరిస్థితి మార్చింది, అది వేరే. జీతాలు, కార్యాలయం ఉన్న శాశ్వత సంస్థ పెట్టడం రాష్ట్రానికి సాధ్యమేనని మాత్రం తేలింది.

తెలంగాణకు నా సూచన ఇదీ. హోం శాఖ పద్దులో బెట్టింగ్ నియంత్రణకు విడిగా ఒక ఉపపద్దు తెరవాలి. సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది, దానికి పనీ ఉంది. అయితే పెట్టుబడి మోసాలు, డిజిటల్ అరెస్టులు అన్నీ దాని నెత్తినే ఉన్నాయి, బెట్టింగ్ వంతు వచ్చేసరికి మనిషి మిగలడు. ఆ ఉపపద్దులో 100 రూపాయలు పెడితే 35 డబ్బు జాడ తీసే అకౌంటెంట్లకు, వాళ్ల పరికరాలకు పోవాలి. 20 ల్యాబ్‌కు, అందులో కనీసం సగం ఏటేటా కట్టే లైసెన్సులకు. 15 ఈ కేసులే చూసే ప్రాసిక్యూటర్లకు. 5 గేమింగ్ యాప్‌ల తనిఖీకి. మిగిలిన 25 వైద్య ఆరోగ్య శాఖ పద్దులో పడాలి, పోలీసుల చేతికి ఇవ్వకూడదు. ఈ వాటాల మీద వాదించుకోవచ్చు. వైద్యం వాటా మీద మాత్రం నేను వెనక్కి తగ్గను.

ఎందుకంటే జూద వ్యసనం జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలో దానికి 6సీ50 అని సంకేతమే ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి సాంకేతిక వ్యసనాలకు విడిగా క్లినిక్ నడుస్తోంది. మన ఎర్రగడ్డ మానసిక వైద్యాలయంలో వారానికి రెండు పూటలు ఇటువంటి ఓపీ పెట్టడానికి ఒక సైకియాట్రిస్టు, ఇద్దరు క్లినికల్ సైకాలజిస్టులు, ఒక సోషల్ వర్కర్ చాలు. ఐదో మనిషిగా అప్పుల సలహాదారు ఉండాలంటాను. వచ్చేవాడికి నిద్రపట్టని కారణం లోన్ యాప్‌వాడి ఫోను. ఏ అప్పు ముందు తీర్చాలి, ఏది చట్టబద్ధం కాదు, వేధింపు ఫోన్లు వస్తే ఎవరికి చెప్పాలి అన్నది తేలకుండా మందు పనిచేయదు.

ఇక్కడే చట్టంలో ఒక ముడి ఉంది. కేంద్ర చట్టం ఆడినవాడిని శిక్షించదు, బాధితుడిగా చూస్తుంది. రాష్ట్ర గేమింగ్ చట్టంలో జూద గృహంలో ఆడుతూ దొరికినవాడూ నిందితుడే. ఇది తెలిసిన కుర్రాడు ఫిర్యాదు చేయడానికి జంకుతాడు. గెలిచిన డబ్బు ఇవ్వకుండా, ఇంకా కడితేనే ఇస్తామని యాప్‌వాడు పీడిస్తుంటే అది మోసం, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాల్సిన కేసు. ఎంత త్వరగా చెబితే అంత మేలు. లావాదేవీ 12 అంకెల యూటీఆర్ నంబరు, డబ్బు పంపిన యూపీఐ ఐడీ, ఆ పేజీ స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని ఫోన్ చేయాలి. యాప్ తీసేయకూడదు, సాక్ష్యం అందులోనే ఉంది. మనసు బాగోలేదనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఫిర్యాదు చేసిన ఆటగాడి మీద కేసు పెట్టబోమని రాష్ట్రం ఒక్క సవరణ చేస్తే సాక్షులు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఈ సవరణకు పైసా ఖర్చు లేదు.

బడ్జెట్ సమావేశాల్లో పద్దుల మీద చర్చ జరుగుతుంది. మీ ఎమ్మెల్యే ఏ పార్టీ అయినా సరే, హోం పద్దు రోజున, ఆ పద్దులో 100 రూపాయలు తగ్గించాలనే నామమాత్రపు కోత తీర్మానం ఇవ్వమని అడగండి. దాంతో మంత్రి జవాబు చెప్పక తప్పదు. అడగాల్సిన అంకెలు నాలుగు. గేమింగ్ చట్టాల కింద ఏడాదిలో నమోదైన కేసుల్లో ఎన్నింటికి చార్జిషీటు పడింది? ఎన్ని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఇంకా ల్యాబ్‌లో తెరవకుండా ఉన్నాయి? స్తంభింపజేసిన ఖాతాల్లో ఉన్న మొత్తమెంత, అందులో కోర్టు ఉత్తర్వుతో బాధితులకు తిరిగి చేరిందెంత? ఎర్రగడ్డకు ఈ పని కోసం విడిగా ఇచ్చిందెంత?

జవాబులు సభ రికార్డుల్లోకి వస్తాయి. రెండో ఏడాది మళ్లీ అవే నాలుగు అడగండి.